కొంపలంటుకున్న తర్వాత: కోటప్పకొండ చుట్టుపక్కల కాలిన ఇల్లు మళ్ళీ ఎలా లేచేది?

ఈ ఎపిసోడ్‌ని ఒక విసుగు మాటతో మొదలుపెడతాను. పొద్దున్నే హడావిడి చేస్తే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? "ఏం కొంపలంటుకుపోయాయని ఆ తొందర?" అంటారు. రిప్లై ఆలస్యమైందని గొడవ చేసే ఫ్రెండ్‌కి మనం కూడా ఇదే మాట టైప్ చేస్తాం. ఇందులో ఒక్క అక్షరం గమనించండి. కొంప కాదు, కొంపలు. ఆ "లు" ఊరికే రాలేదు. గడ్డి కప్పుల ఊళ్ళో ఒక ఇల్లు అంటుకుంటే ఒక ఇంటితో ఆగేది కాదు, గాలి ఎటు ఉంటే అటు వరసంతా పోయేది. ఆ భయం మన భాషలో బహువచనంగా మిగిలిపోయింది.

సామెతలు చూడండి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఇల్లు కాలడం మనవాళ్ళకి అరుదైన విషయమే అయితే ఇన్ని సామెతలు పుట్టవు. అయితే ఇవన్నీ మంట గురించే. మర్నాటి సంగతి వీటిలో లేదు. ఇల్లు కాలిపోయిన మనిషి మళ్ళీ ఎలా నిలబడ్డాడు, ఎవరిచ్చారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు? నాకు ఆసక్తి అక్కడే. దాన్ని ఒక చోట నిలబడి చెప్తాను. ఆ చోటు కోటప్పకొండ.

నరసరావుపేట దగ్గరి ఈ కొండ గురించి పల్నాడు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. త్రికోటేశ్వరుడి గుడి, మూడు శిఖరాల కొండ, ఇక్కడ కాకులు వాలవని ఒక నమ్మకం. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆకాశాన్నంటే ప్రభలు, "చేదుకో కోటయ్యా" అంటూ లక్షల జనం. చరిత్ర పుస్తకాల్లో ఈ కొండ పేరు కనపడేది మాత్రం ఎక్కువగా ఒక మంట వల్ల.

1909 ఫిబ్రవరి, శివరాత్రి తిరునాళ్ళు. గుంటూరు జిల్లా ఏర్పడి అప్పటికి ఐదేళ్ళు కూడా కాలేదు, అది 1904లో వచ్చింది. బిపిన్ చంద్రపాల్ 1907లో ఆంధ్ర ఊళ్ళు తిరిగి వెళ్ళాక వందేమాతరం వేడి ఇంకా చల్లారలేదు, పోలీసులకి జనం మీద అనుమానం, జనానికి పోలీసుల మీద కసి. ఆ తిరునాళ్ళలో గొడవ ముదిరింది. పోలీసుల తాత్కాలిక ఠాణాకి జనం నిప్పు పెట్టారు. ప్రాణాలు పోయాయి. కేసు నడిచి చిన్నపరెడ్డి అనే రైతుని ఉరితీశారు. ఆయన మీద జనం పాటలు కట్టి పాడుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో చౌరీచౌరా పోలీస్ స్టేషన్ తగలబడింది 1922లో. మన కోటప్పకొండ దానికి పదమూడేళ్ళు ముందు.

ఈ కథ యూట్యూబ్‌లో చాలామంది చెప్పారు, బాగానే చెప్పారు. నేను అడిగేది వేరు. అదే 1909లో, ఆ ఎండాకాలంలోనే, కొండ చుట్టూ ఉన్న పల్లెల్లో పాకలు కాలి ఉండవా? ప్రతి ఎండాకాలం కాలేవే కదా. వాటికి పాట లేదు, తీర్పు లేదు. కాలినది సర్కారుదైతే కోర్టు కాగితాల్లో ఎక్కింది. కాలినది కూలివాడి గుడిసె అయితే ఎక్కడా ఎక్కలేదు. అందుకే ఈ చరిత్రని మనం పక్కదారిలో వెతకాలి. ఇల్లు దేనితో కట్టేవాళ్ళు, ఆ సామాను ఎక్కణ్ణించి వచ్చేది, దాని మీద పెత్తనం ఎవరిది? ఈ మూడూ అడిగితే సగం కథ బయటికొస్తుంది.

ముందు ఇల్లు. సాగర్ నీళ్ళు రాకముందు పల్నాడు మెట్ట సీమ. జొన్న, సజ్జ, కంది, పత్తి. మట్టి గోడ, మధ్యలో నిట్రాడు, దాని మీద దూలం, వాసాలు, పైన జొన్నచొప్పో బోదగడ్డో తాటాకో. చుట్టూ కందికంప దడి. అంటే నేలా గోడా తప్ప మిగిలిందంతా నిప్పుకి మేతే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ పోయిన దగ్గర్నుంచే భయం మొదలు. కోత కోసిన చొప్ప వాములన్నీ ఇళ్ళ పక్కనే ఉంటాయి. పొయ్యిలో నిప్పు, చుట్ట నిప్పు, వడగాలి.

మరి ఆర్పడానికి నీళ్ళు? మెట్ట ఊళ్ళో ఏప్రిల్ నెలలో బావి అడుగున ఎన్ని నీళ్ళుంటాయో ఆలోచించండి. కడవలతో తోడి గడ్డి కప్పు మంట ఆర్పడం జరిగే పని కాదు. అందుకని చేసేది ఇంకోటి. అంటుకున్న ఇంటిని వదిలేసి, గాలివాటున ఉన్న పక్కింటి కప్పు పీకేసేవాళ్ళు. మంటకి దారి లేకుండా చేయడం అన్నమాట. 1666లో లండన్ తగలబడినప్పుడు కూడా ఇళ్ళు కూలగొట్టే మంటని ఆపారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీ ఇల్లు కాలలేదు, కానీ ఊరు కోసం మీ కప్పు పీకేశారు. ఇప్పుడు మీరు బాధితులా, కాదా? లండన్‌లో ఇలాంటి పేచీల కోసం, ఇంటి ఓనరు కట్టాలా అద్దెకున్నవాడు కట్టాలా అని తేల్చడం కోసం, ప్రత్యేకంగా ఒక కోర్టే పెట్టారు. 1667లో చట్టం చేసి, ఇక ఇళ్ళు ఇటుకతో రాతితో కట్టాలన్నారు. మన ఊళ్ళో ఆ కోర్టు రచ్చబండ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఊరి బావి అందరిదీ కాని రోజులవి. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి దూరంగా ఉండేవి, గుడిసెలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఊరి మంచినీళ్ళ బావిలో వాళ్ళు చేద వేయకూడదు. మంట లేచిన రాత్రి ఆ కట్టుబాటు ఎంతమందిని కాల్చిందో లెక్క రాసిన వాళ్ళు లేరు. "పల్లెల్లో పూర్వం అందరూ ఒక్కటై ఆదుకునేవాళ్ళు" అనే మాట వింటే నాకు ఈ బావి గుర్తొస్తుంది. ఆదుకున్నారు, నిజమే. కానీ ఆ "అందరూ" అనే మాటకి ఒక గీత ఉండేది.

ఆ గీత లోపల ఎలా ఆదుకునేవాళ్ళో చెప్తాను, ఎందుకంటే అది నిజంగా మంచి ఏర్పాటు. మా వైపు పెద్దవాళ్ళని ఎవర్ని కదిపినా ఒకే తీరుగా చెప్తారు. ఆ పూట కాలినింటి వాళ్ళని పొయ్యి వెలిగించనివ్వరు, పక్కవాళ్ళే అన్నం పెడతారు. ఇంటికో మానిక గింజలు, ఒక పాత చీర, ఒక కుండ. అమ్మాయి పుట్టింటివాళ్ళకి కబురు పోతుంది, వాళ్ళు బండి కట్టుకుని వస్తారు. ఇంటికొకరు పనికి వస్తారు, కూలి ఉండదు. కానీ ఇది దానం కూడా కాదు. రేపు మీ ఇల్లు కాలితే నేను రావాలి, ఆ బాకీ ఎవరి కాగితం మీదా లేకపోయినా అందరికీ గుర్తుంటుంది.

ఈ పద్ధతి కళ్ళతో చూడాలంటే ప్రభ కట్టే చోటికి వెళ్ళండి. కావూరు, పురుషోత్తమపట్నం, యడవల్లి, ఇలాంటి ఊళ్ళు ఎనభై, తొంభై అడుగుల ప్రభల్ని నిలబెడతాయి. ఇంటింటికీ చందా, కర్రలు, వెదుళ్ళు, తాళ్ళు, ఎవరి పని వాళ్ళకి తెలుసు, ఎవరూ ఆర్డర్ వేయరు. ఇప్పుడంటే కరెంటు బల్బులు, ట్రాక్టర్లు వచ్చాయి గానీ, ఆ చేతులకి తెలిసిన పని పాతదే. అంత ప్రభని లేపి నిలబెట్టి కొండదాకా తీసుకెళ్ళే ఊరికి ఒక గుడిసె లేపడం ఎంతసేపు? నాలుగు రోజులు. సామాను దొరికితే.

ఆ "దొరికితే" దగ్గరే అసలు కథ ఉంది.

గడ్డి, వాసాలు, నిట్రాడు, తాళ్ళకి నార, ఇవన్నీ ఎక్కడివి? చొప్ప పొలంలోది. మిగతా సరుకు పక్క అడవిదీ, కొండదీ. అంతకుముందు తరాలకి అది అడగకుండా తెచ్చుకునే వస్తువు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, 1883 నుంచి అమలు. కొండలకీ అడవులకీ గీతలు గీసి "రిజర్వు" అన్నారు. రిజర్వులో కర్ర కొట్టినా, గడ్డి కోసినా, పశువుని తోలినా అనుమతి కావాలి, డబ్బు కట్టాలి, లేకపోతే కేసు. పశువుల మేతకి కట్టే ఆ పన్నునే మన వాళ్ళు పుల్లరి అన్నారు.

ఇప్పుడు కాలినింటి మనిషి వైపు నుంచి ఈ చట్టాన్ని చూడండి. ఇల్లు కాలింది. చేతిలో పైసా లేదు, ఉన్నా కాలింది. పది మంది చేతులున్నాయి, కొండ ఎదురుగా కనపడుతోంది, వాసాలకి కావలసిన కర్ర అక్కడుంది. తెచ్చుకోవాలంటే పర్మిట్. పర్మిట్‌కి డబ్బు, ఆ పైన చిన్న ఉద్యోగికి మామూలు. రాత్రిపూట కొట్టుకొస్తే జరిమానా. ఊరి సాయం మొత్తం ఉచిత సామాను మీద నిలబడి ఉంది. సామానుకి ధర పెట్టేసరికి, ఎంతమంది వచ్చి నిలబడ్డా కప్పు లేవదు. పుల్లరి అంటే పశువుల గొడవ అని చదువుకున్నాం. కానీ అడవి గీత అంటే ఇంటి కప్పు గొడవ కూడా అని నా వాదన.

అడవి కష్టాల గురించి రైతుల నుంచి అన్ని ఫిర్యాదులు వచ్చాయి కాబట్టే మద్రాసు ప్రభుత్వం ఒక అటవీ కమిటీని వేసింది, దాని నివేదిక 1913లో వచ్చింది. పల్నాడులో మాత్రం అది సరిపోలేదు. 1921లో సహాయ నిరాకరణ వచ్చేసరికి ఇక్కడి రైతులు పుల్లరి కట్టం అన్నారు, పశువుల్ని అడవిలోకి తోలారు. ఊరికొచ్చిన ఉద్యోగులకి ఉప్పూ నిప్పూ ఇవ్వలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని ఈ ఉద్యమంలోనే అరెస్టు చేశారు, ఆయన జైల్లో కూర్చుని రాసిన నవలే "మాలపల్లి". ఇందాక చెప్పిన ఆ ఊరి బయటి గుడిసెల మనుషుల్ని నవలకి నాయకుల్ని చేశారాయన. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. చౌరీచౌరా మంట చూసి గాంధీ ఉద్యమాన్ని ఆపింది కూడా ఆ నెలలోనే.

సరే, కప్పు సంగతి అయింది. ఇప్పుడు కప్పు కింద దోపిన వాటి సంగతి. గడ్డి ఇంట్లో బీరువా ఉండదు. కొడవలి, చుట్టలు, దువ్వెన, ముఖ్యమైన కాగితాలు అన్నీ చూరులోనే. నిప్పు మొదట పట్టుకునేదీ చూరునే. నాకు ఇందులో ఒక వింత కనపడుతుంది. గింజలు ఉన్న రైతు జొన్నల్ని భూమిలో పాతరలో పోసేవాడు, ఇల్లు కాలినా పాతరకి ఏమీ కాదు. అంటే తిండిని నిప్పుకి అందకుండా దాచడం తెలిసింది గానీ, కాగితాన్ని దాచడం తెలియలేదు. ఎందుకంటే తిండి మన పాత సమస్య, కాగితం కొత్త సమస్య.

ఆ కొత్త సమస్యకి మందు కూడా కోటప్పకొండ గొడవ జరిగిన సంవత్సరమే వచ్చింది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 1909 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. రిజిస్ట్రేషన్ అంతకుముందూ ఉంది, కానీ ఇవాళ్టికీ మనం నడుస్తున్నది ఈ చట్టం మీదే. మీ దస్తావేజు కాలిపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు ఉంటుంది, ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవచ్చు. 1909లోనూ అంతే. చాలా గొప్ప ఏర్పాటు, ఒక్క షరతు తప్ప. వంద రూపాయలు, ఆ పైన విలువ ఉన్న ఆస్తికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1909లో ఒక గుడిసె స్థలం వంద రూపాయలు ఎక్కడ చేస్తుంది? పైగా చాలా పల్లెల్లో ఆ స్థలం ఆసామి చూపించినదో, పోరంబోకో. గుడిసె నిలబడి ఉన్నంతకాలం ఆ గుడిసే దానికి సాక్ష్యం. కాలిందా, ఆ సాక్ష్యం కూడా పోయినట్టే. ఆసామి "ఇక్కడ వద్దులే, అటు వేసుకో" అంటే చూపించడానికి ఏముంది?

అవతల ప్రోనోటు కాలిపోతే? అప్పిచ్చినవాడి చూరులో కాలితే అప్పు తీసుకున్నవాడు లోపల్లోపల నవ్వుకున్న సందర్భాలూ ఉండి ఉంటాయి. అది వేరే ఎపిసోడ్.

నోట్ల విషయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను, ఇది ఇప్పటికీ పనికొస్తుంది. చిరిగిన నోటు ఏ బ్యాంకులోనైనా మారుతుంది. బాగా కాలి, మాడి, ముట్టుకుంటే పొడి అయ్యే నోట్లని మాత్రం బ్యాంకు బ్రాంచిలో తీసుకోరు. రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుకే వెళ్ళాలి, అక్కడ 2009 నోట్ రీఫండ్ రూల్స్ ప్రకారం చూస్తారు. కాబట్టి కాలిన నోట్ల కట్టని దులపకండి, విడదీయకండి, అలాగే డబ్బాలో పెట్టండి.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. మన దేశంలో 1850లోనే కలకత్తాలో ట్రైటన్ అనే కంపెనీ జనరల్ ఇన్సూరెన్స్ మొదలుపెట్టింది. అలాంటి కంపెనీలు చూసుకున్నది వర్తకుల సరుకుని, గోడౌన్లని. గుడిసెకి పాలసీ ఎవరిస్తారు? మామూలు ఇళ్ళకి అందరు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే రకం పాలసీ అమ్మాలన్న రూలు 2021 ఏప్రిల్‌లో వచ్చింది, పేరు భారత్ గృహ రక్ష. నూట డెబ్బై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు పల్నాడు రాయి గురించి. ఇది తలుచుకుంటే నాకు కొంచెం కోపం వస్తుంది. ఈ నేల కిందంతా సున్నపురాయి. మాచర్ల నాపరాయి ఎక్కడెక్కడి ఇళ్ళకో పోయి పరుచుకుంది. పిడుగురాళ్ళ సున్నం సంగతి తెలిసిందే. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958లో వచ్చింది. అటు 1955లో సాగర్ డ్యాముకి పునాది పడింది, 1967కల్లా నీళ్ళు వదిలారు. నిప్పంటుకోని ఇల్లు కట్టడానికి ఏం కావాలో అదంతా ఇక్కడే తయారై, లారీలెక్కి వెళ్ళింది. ఇక్కడి కూలీల పల్లెల్లో మాత్రం గడ్డి కప్పులే ఉన్నాయి. తేడా ఏంటంటే, కాలవ కింద వరి వచ్చాక జొన్నచొప్పకి బదులు వరిగడ్డి ఎక్కింది. రాష్ట్రంలో గృహ నిర్మాణ సంస్థ 1979లో పెట్టారు. ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇళ్ళు, కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన 1985లో, ఇందిరమ్మ ఇళ్ళు 2006లో. ఏ పార్టీ ఎంత కట్టిందో కామెంట్లలో కొట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. వరసలు వరసలుగా ఊరు కాలిపోవడం తగ్గిందంటే దానికి పెద్ద కారణం ఫైరింజన్ కంటే ఈ స్లాబులే అని నేననుకుంటాను. కప్పు మారింది, "కొంపలు" మళ్ళీ "కొంప" అయింది.

అయినా గుడిసెలు పోలేదు. రేకుల షెడ్లు, పట్టాలు కప్పిన పాకలు, మిర్చి కోతకి వచ్చిన కూలీల గుడారాలు, ఇవన్నీ మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. వాటిలో ఒకటి కాలితే ఇవాళ ప్రభుత్వం ఏమిస్తుంది? ఇది జాగ్రత్తగా వినండి.

విపత్తు సాయానికి కేంద్రం నిబంధనలు ఇస్తుంది. 2022-26 కాలానికి ఇచ్చిన వాటిలో అగ్నిప్రమాదం కూడా ఉంది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. అది పక్కా ఇల్లైనా సరే, కచ్చా ఇల్లైనా సరే. బట్టలకి 2,500, వంట సామానుకి 2,500. బాగానే ఉంది కదా? దాని కిందే ఇంకో వరస ఉంది. గుడిసె అయితే 8,000. గుడిసె అంటే ఏమిటో కూడా రాశారు. గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసిన తాత్కాలిక నివాసం, కచ్చా ఇంటికంటే తక్కువది, స్థానిక అధికారులు గుడిసె అని గుర్తించేది. ఇంకో షరతు, కాలిన ఇల్లు అధికారికంగా అనుమతి ఉన్న కట్టడమై ఉండాలి. రాష్ట్రం తన డబ్బు కలిపి ఎక్కువ ఇవ్వొచ్చు, అది ఆయా ప్రభుత్వాల ఇష్టం.

మట్టి గోడ, తాటాకు కప్పు, ముప్పై ఏళ్ళుగా అదే కుటుంబం. ఇది కచ్చా ఇల్లా, గుడిసా? గోడలున్నాయి కాబట్టి కచ్చా ఇల్లు అనొచ్చు. గడ్డీ మట్టీ ఉన్నాయి కాబట్టి గుడిసె అనొచ్చు. పంచనామా రాసే మనిషి ఏ మాట రాస్తే దాన్నిబట్టి లక్షా పన్నెండు వేల తేడా. కాలిపోయాక చూడ్డానికి వచ్చిన ఆఫీసరుకి కనపడేది బూడిద, సగం పడిన గోడ. అంతకుముందు అక్కడ ఏముందో చెప్పేది మళ్ళీ కాగితమే. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, పొజిషన్ సర్టిఫికెట్. 1909లో వంద రూపాయల గీతకి కింద ఉన్నవాడి దగ్గర ఏది లేదో, ఇవాళ ఈ గీతకి కింద ఉన్నవాడి దగ్గర కూడా తరచుగా అదే ఉండదు.

అయితే 1909 మనిషికి లేనిది మీ చేతిలో ఒకటుంది, దాని మీదే ఈ ఎపిసోడ్ చదువుతున్నారు. కాలిన ఇంటి వీడియో అందరూ తీస్తారు. కాలకముందు ఇల్లు తీసినవాళ్ళు తక్కువ. మీ వీధిలో గడ్డి కప్పో రేకుల కప్పో ఉన్న ఇల్లుంటే, ఆ ఇంటివాళ్ళని అడిగి, గోడలు కనపడేలా బయటినుంచి నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, పట్టా ఏదుంటే అది ఫోటో తీసి వాళ్ళ పిల్లల ఫోన్‌కి పంపండి. మీ ఫోన్‌లోనూ ఉంచండి, ఎందుకంటే ఇంటితోపాటు వాళ్ళ ఫోనూ కాలుతుంది. పంచనామా రాసేటప్పుడు పక్కన నిలబడి, "కచ్చా ఇల్లు" అని రాస్తున్నారా, "గుడిసె" అని రాస్తున్నారా అని చదివించుకోండి. సంతకం పెట్టేది ఆ తర్వాత.

పుల్లరి గురించి, మించాలపాడు గురించి ఇవాళ పైపైన చెప్పాను, వచ్చే ఎపిసోడ్ పూర్తిగా దాని మీదే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరికైనా ఊళ్ళో ఇళ్ళు కాలిన సంవత్సరం గుర్తుంటే, ఏ వీధి, కప్పు దేంతో వేశారు, మళ్ళీ వేయడానికి కర్ర ఎక్కణ్ణించి తెచ్చారు అని అడిగి రాసి పంపండి. ఆ చివరి ప్రశ్న మాత్రం మర్చిపోకండి.